ఖిద్మత్‌కు నాణెమా?

మొన్న జుమా నమాజు ముగిసి మసీదు మెట్లు దిగుతుంటే ముగ్గురు యువకులు నా చెప్పుల దగ్గర నిలబడి కనిపించారు. ముగ్గురూ చిన్నప్పుడు నా దగ్గర ఖాయిదా చదువుకున్నవాళ్లే. ఇప్పుడు ఒకడు శంషాబాద్ విమానాశ్రయంలో సరకుల విభాగంలో ఉన్నాడు. ఒకడు కంప్యూటర్ ఇంజనీరు. మూడోవాడు అత్తాపూర్‌లో తండ్రి కిరాణా దుకాణం చూసుకుంటున్నాడు. "ఉస్తాద్, ఐదు నిమిషాలు మాట్లాడాలి" అన్నారు. ఆ ఐదు నిమిషాలు అసర్ అజాన్ దాకా సాగాయి.

వాళ్ల ఆలోచన ఇది. మొహల్లాకు ఒక సొంత నాణెం ఉండాలి. చేతికి తగిలే నాణెం కాదు, సెల్‌ఫోనులో కనిపించే అంకె. ఎవరైనా ఒక గంటసేపు ఇరుగుపొరుగుకు ఉపయోగపడితే అతని ఖాతాలో పది నాణేలు పడతాయి. వృద్ధులను ఆసుపత్రికి తీసుకుపోవడం, పిల్లలకు లెక్కలు చెప్పడం, పింఛను కాగితాలు నింపిపెట్టడం, కాలువలో పూడిక తీయడం, రక్తదానం, మయ్యత్‌కు గుసుల్ చేయించడం, జనాజాకు భుజం పట్టడం... అన్నిటికీ ఒక పట్టిక తయారు చేసుకుని వచ్చారు. సంపాదించిన నాణేలు చూపిస్తే పది పన్నెండు దుకాణాలవాళ్లు బియ్యం మీద, నూనె మీద, మందుల మీద ధర తగ్గిస్తారు. ప్రతి వారం ఎక్కువ నాణేలు సంపాదించిన పదిమంది పేర్లు అందరి ఫోన్లలోనూ కనిపిస్తాయి. "ఇది జాయిజా, కాదా, మీరే చెప్పండి" అన్నారు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నాలుగు వారాలుగా ఇదే ఆలోచిస్తున్నాను. ఆలోచించినదంతా పాఠక సోదర సోదరీమణుల ముందు పెట్టడం మంచిదనిపించింది. ఎందుకంటే ఇలాంటి ఆలోచన ఇవాళ అత్తాపూర్‌లో వచ్చింది, రేపు కర్నూలులోనో నిజామాబాద్‌లోనో రాకుండా ఉండదు.

ముందుగా ఆ పిల్లల బాధను అర్థం చేసుకోవాలి. 2009 అక్టోబరులో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పైవంతెన మొదలైంది. ఆ తర్వాత మా అత్తాపూర్‌లో చిరునామాలు కూడా మారిపోయాయి. ముష్క్ మహల్ ఎక్కడ అని అడిగితే చెప్పగలిగినవాళ్లు తగ్గిపోతున్నారు. ఫలానా నంబరు పిల్లర్ ఎక్కడ అంటే మాత్రం పసివాడు కూడా వేలు చూపిస్తాడు. పాత ఇళ్ల స్థానంలో ఐదంతస్తుల భవనాలు లేచాయి. కింది అంతస్తులో జనాజా లేస్తే, పై అంతస్తువాళ్లకు లిఫ్టు దగ్గర చెప్పులు చూశాక గాని తెలియదు. అద్దెకు వచ్చినవాళ్లు పదకొండు నెలలకు వెళ్లిపోతారు. ఎవరు ఎవరికి రుణపడి ఉన్నారో గుర్తుపెట్టుకునేవాళ్లు లేరు. 2020 అక్టోబరులో కుండపోత వానలకు చెరువు తెగి గగన్‌పహాడ్ దగ్గర బెంగళూరు జాతీయ రహదారే కొట్టుకుపోయింది. ఆ రాత్రుల్లో ఈ ప్రాంతపు కుర్రాళ్లు నీళ్లలో దిగి మనుషులను మోసిన సంగతి నాకు తెలుసు. నీరు తగ్గింది, మాట కూడా తగ్గిపోయింది. మా కంప్యూటర్ ఇంజనీరు చెప్పింది ఇదే: "ఉస్తాద్, మనకు మంచివాళ్లు తక్కువ కాదు, జ్ఞాపకం తక్కువ. ఫోను గుర్తుపెట్టుకుంటుంది."

ఈ మాట నాకు నచ్చింది. మా ఊళ్లలో ఇదే పని ఫోను లేకుండా జరిగేది. నాట్లప్పుడు వీళ్ల పొలంలోకి వాళ్లు, కోతలప్పుడు వాళ్ల పొలంలోకి వీళ్లు బదులుకు వెళ్లేవారు. కూలీ డబ్బులు చేతులు మారేవి కావు, రోజులు చేతులు మారేవి. చేబదులు అనే మాట ఎంత అందమైనదో చూడండి. వడ్డీ లేదు, కాగితం లేదు, చేతికీ చేతికీ మధ్య ఒక నమ్మకం. మదర్సాలో కర్జె హసనా గురించి చదువుకున్నప్పుడు నాకు మా అమ్మ పొరుగింటి నుంచి తెచ్చిన గ్లాసెడు చక్కెర గుర్తొచ్చేది.

ఒక ప్రాంతానికి సొంత నాణెం ఉండటం కూడా హైదరాబాదువాళ్లకు వింత కాదు. మా పెద్దలు హాలీ సిక్కా, కల్దార్ అని రెండు మాటలు వాడేవారు. హాలీ నిజాం రాజ్యపు రూపాయి, కల్దార్ బ్రిటిష్ ఇండియా రూపాయి. ఏడు హాలీ రూపాయలు ఇస్తే సుమారు ఆరు కల్దార్ రూపాయలు వచ్చేవి. లెక్క కచ్చితంగా చెప్పాలంటే నూరు కల్దార్‌కు 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ. 1918 నుంచి నిజాం ప్రభుత్వం సొంత నోట్లు కూడా అచ్చువేసింది. 1948 తర్వాత కూడా హాలీ కొన్నాళ్లు చెల్లింది, 1959లో దాని చెల్లుబాటు పూర్తిగా ముగిసింది. ఆ నాణెం వెనుక ఒక ఖజానా, ఒక రాజ్యం ఉండేవి. మరి మా కుర్రాళ్ల నాణెం వెనుక ఏముంది? ఒక కిరాణా దుకాణం, ఒక మందుల షాపు. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

పేదవాళ్లు తమకు తాముగా నాణెం పెట్టుకున్న చోట్లు లోకంలో ఉన్నాయి. వాటిలో కెన్యా కథ మనకు దగ్గరగా అనిపిస్తుంది. ఆ దేశపు సముద్రతీర నగరం మొంబాసాలో బంగ్లాదేశ్ అనే పేరుగల ఒక పేదల బస్తీ ఉంది. 2013లో అక్కడి చిన్నచిన్న వ్యాపారులు 'బంగ్లా పేసా' అనే చీటీలు పెట్టుకున్నారు. వాళ్ల కష్టం ఏమిటంటే, కూరగాయలమ్మే ఆమె దగ్గర సరకు ఉంటుంది, మంగలి దగ్గర ఖాళీ సమయం ఉంటుంది, దర్జీ దగ్గర పనితనం ఉంటుంది. మధ్యలో తిరగవలసిన రూకలు మాత్రం ఎవరి దగ్గరా ఉండవు. ఆ లోటును చీటీలు తీర్చాయి. కొంత భాగం చెత్త ఎత్తడంవంటి ఉమ్మడి పనులకు కూడా కేటాయించారు. మొదలుపెట్టిన కొద్ది రోజులకే నిర్వాహకుడు విల్ రడిక్‌ను, కొందరు సభ్యులను పోలీసులు పట్టుకుపోయారు, దొంగనోట్ల కేసు పెట్టారు. ఆ తర్వాత కేసు ఎత్తివేశారు. చీటీల నుంచి ఆ పద్ధతి సాదా సెల్‌ఫోన్లకు ఎక్కింది. దాని పేరు 'సరాఫు'. 2020, 2021 సంవత్సరాల్లో, కరోనా రోజుల్లో, దానిలో సుమారు 40 వేల ఖాతాలు ఉండేవి. సరాఫు అంటే స్వాహిలీ భాషలో నాణెం. అరబ్బీలోని సర్రాఫ్, ఉర్దూ వాళ్ల సరాఫ్, తెలుగువాళ్ల షరాబు అన్నీ ఒకే ఇంటి పిల్లలు. మొంబాసా బస్తీలోని ఆమె, మన షరాబు బజారులోని సేటు ఒకే మాటతో బతుకుతున్నారంటే నాకు ముచ్చటేసింది.

అయితే ఒక తేడా గమనించాలి. బంగ్లా పేసా ముఖ్యంగా బేరానికి పుట్టింది. టమాటాకు క్షౌరం, క్షౌరానికి కుట్టుపని. మా కుర్రాళ్ల నాణెం ఖిద్మత్‌కు పుట్టబోతున్నది. బేరం వేరు, ఖిద్మత్ వేరు. రెండిటినీ ఒకే సంచిలో వేయవచ్చునా అన్నదే అసలు ప్రశ్న.

ధర్మశాస్త్రం తెలిసినవాళ్లు ఇక్కడ నా మీద నవ్వవచ్చు. నవ్వే హక్కు వాళ్లకుంది. ఖుర్ఆన్ నేర్పి నెలనెలా జీతం తీసుకున్న మనిషిని నేను. మన హనఫీ పూర్వ ఫకీహ్‌లు దీన్ని ఒప్పుకోలేదు. ఖుర్ఆన్ చదువు చెప్పడానికి, అజాన్ ఇవ్వడానికి, ఇమామత్‌కు కూలి తీసుకోరాదన్నారు. అప్పట్లో బైతుల్‌మాల్ నుంచి వాళ్లకు భత్యాలు అందేవి. అవి ఆగిపోయాక చెప్పేవాళ్లు పొట్టకోసం వేరే పనులకు వెళ్లడం మొదలైంది, పిల్లలు ఖుర్ఆన్ రాకుండా పెరిగే ప్రమాదం వచ్చింది. అప్పుడు బల్ఖ్ నగరపు ఫకీహ్‌లు అవసరం దృష్ట్యా జీతానికి అనుమతి ఇచ్చారు. నా ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ అనుమతి మీదే. అందుచేత "సేవకు ప్రతిఫలమా, తౌబా తౌబా" అని కుర్రాళ్లను కసురుకునే నైతిక హక్కు నాకు లేదు.

కాని ఆ పెద్దలు ఎంత జాగ్రత్తగా గీత గీశారో కూడా చూడాలి. అనుమతి ఇచ్చారు గాని తలుపులు బార్లా తీయలేదు. పోయినవారి పుణ్యం కోసం ఖుర్ఆన్ చదివి కూలి తీసుకోవడాన్ని తర్వాతి తరాలవాళ్లు కూడా ఒప్పుకోలేదు. మయ్యత్‌కు గుసుల్ చేయించే విషయంలో వాళ్ల మాట మరీ సూక్ష్మమైనది. ఊరికే చేయడం ఉత్తమం. చేసేవాళ్లు ఊళ్లో ఇంకా ఉంటే కూలి అడగవచ్చు. తాను తప్ప చేసేవాడు లేనప్పుడు మాత్రం అడగరాదు. దీని అంతరార్థం చూడండి. ఎదుటివాడికి వేరే దారి లేనప్పుడు నీ చేయి చాపకు అంటున్నారు. యాప్ తయారుచేసేవాళ్లకు ఇంతకన్నా మంచి కొలబద్ద నాకు దొరకలేదు.

ఇక నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల క్రితం ఒక బడిలో పనిచేసేటప్పుడు నేనూ ఒక నాణెం అచ్చువేశాను. దానికి 'షాబాషీ చీటీ' అని పేరు. నమాజు చాపలు మడిచినవాడికి ఒకటి, వజూ తొట్టిలో నీళ్లు నింపినవాడికి ఒకటి, చిన్నపిల్లలకు పాఠం అప్పజెప్పించినవాడికి ఒకటి. పది చీటీలకు ఒక పెన్ను. మొదటి నెల బడి అద్దంలా మెరిసిపోయింది. తల్లిదండ్రులు నన్ను మెచ్చుకున్నారు, నేనూ లోలోపల పొంగిపోయాను. రెండో నెలలో ఒకడు మడిచిన చాపలను విప్పి మళ్లీ మడవడం కళ్లారా చూశాను. ఒకడు రూపాయికి రెండు చీటీలు అమ్ముతున్నాడని తెలిసింది. ఇవన్నీ పిల్లల చేష్టలని సరిపెట్టుకున్నాను.

సరిపెట్టుకోలేనిది ఒకటుంది. మా దగ్గర చూపులేని హాఫిజ్ సాబ్ ఒకరు ఉండేవారు. మాటలు రాని పిల్లాడిలా మౌనంగా ఉండే ఒక బాలుడు రోజూ సాయంత్రం ఆయన చేయి పట్టుకుని ఇంటిదాకా దిగబెట్టి వచ్చేవాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఒకరోజు హాఫిజ్ సాబ్ గోడ తడుముకుంటూ ఒంటరిగా వెళ్లడం చూసి ఆ పిల్లవాణ్ణి పిలిచాను. "దానికి చీటీ లేదు కదా ఉస్తాద్" అన్నాడు. పొగరుగా అనలేదు. లెక్క చెప్పినట్టు అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. మరునాడే చీటీలు ఆపేశాను. ఆపిన తర్వాత వారం రోజులు చాపలు ఎక్కడివక్కడే పడి ఉన్నాయి.

ఈ సంగతి చెబితే ఇంజనీరు కుర్రాడు "అది కాగితం లోపం ఉస్తాద్, ఫోనులో నాణేలు అమ్ముకోకుండా కట్టడి చేయవచ్చు" అన్నాడు. చేయవచ్చునేమో. అమ్మకం సంగతి అంటే మదీనాలో జరిగిందొకటి గుర్తొస్తుంది. ఇమామ్ మాలిక్ గారి ముఅత్తాలో ఉంది. మర్వాన్ గవర్నరుగా ఉన్న రోజుల్లో, జార్ అనే రేవు నుంచి వచ్చే ధాన్యానికి ప్రజలకు చీటీలు రాసిచ్చేవారు. జనం ధాన్యం చేతికి రాకముందే ఆ చీటీలను ఒకరికొకరు అమ్ముకోవడం మొదలుపెట్టారు. జైద్ బిన్ సాబిత్ (రజి) మరొక సహాబీతో కలిసి వెళ్లి మర్వాన్‌ను నిలదీశారు. మర్వాన్ భటులను పంపి చీటీలను వెనక్కు తెప్పించాడు. ఆకలి తీర్చడానికి పుట్టిన కాగితం ఎంత తొందరగా బజారు సరకు అవుతుందో ఆనాడే తెలిసిపోయింది. అమ్మకాన్ని కట్టడి చేయవచ్చు. పిల్లవాడి మనసులో మొదలైన లెక్కను ఏ ఇంజనీరు కట్టడి చేస్తాడు?

ఇలా అన్నానని నేను ప్రతిఫలానికి పూర్తిగా వ్యతిరేకిని అనుకోవద్దు. రక్తదానం సంగతి తీసుకుందాం. ఇది మా ప్రాంతానికి చాలా దగ్గరి విషయం. అత్తాపూర్ నుంచి ఆరాంఘర్ వైపు వెళితే శివరాంపల్లిలో తలసీమియా, సికిల్‌సెల్ రోగుల సొసైటీ ఉంది, 1998లో మొదలైంది. తలసీమియా తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, జీవితాంతం ఎక్కించాలి. తల్లీ తండ్రీ ఇద్దరూ ఈ లోపాన్ని మోస్తున్నప్పుడు బిడ్డకు వచ్చే ప్రమాదం ఉంటుంది. దగ్గరి బంధువుల్లో సంబంధాలు కలుపుకునే మనవంటి కుటుంబాలు నిఖాకు ముందే ఒక రక్తపరీక్ష చేయించుకోవడం ఎంతైనా అవసరం. విషయం పక్కకు పోయినా ఈ మాట చెప్పకుండా ఉండలేను.

మన దేశంలో ఒకప్పుడు రక్తం అమ్ముకునేవాళ్లు ఉండేవారు. ఆకలితో ఉన్నవాడు, మత్తుకు అలవాటుపడినవాడు జబ్బు దాచిపెట్టి అమ్మేవాడు. 1996 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, 1998 జనవరి 1 నుంచి డబ్బుకు రక్తం ఇవ్వడం ఆగిపోవాలని ఆదేశించింది. దానికి చాలా ముందే, 1970లో, రిచర్డ్ టిట్మస్ అనే ఇంగ్లీషు పండితుడు రక్తానికి డబ్బు ఇస్తే ఇచ్చేవాళ్లు తగ్గుతారనీ, వచ్చే రక్తం చెడుతుందనీ వాదించాడు. 2008లో స్వీడన్‌లో చేసిన ఒక పరిశీలనలో డబ్బు ఆశచూపగానే ముందుకొచ్చే స్త్రీల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. ఆ డబ్బును దానం చేయవచ్చు అనగానే మళ్లీ మామూలుకు వచ్చింది. న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. అమెరికాలో రక్తదాతలకు చిన్న చిన్న కొనుగోలు కార్డులు ఇచ్చినప్పుడు దాతలు పెరిగారని కూడా పరిశోధకులు తేల్చారు. కాబట్టి బహుమతి ప్రతిచోటా విషం కాదు. అయినా శివరాంపల్లిలో మంచం మీద పడుకున్న పిల్లవాడి వైపు నుంచి చూడండి. అతను జీవితాంతం తీసుకునేవాడే. ఎన్ని నాణేలు తిరిగి ఇవ్వగలడు? అతని ఖాతా ఎప్పటికీ సున్నా దగ్గరే ఉంటుంది.

ఈ సున్నా దగ్గరే నేను ఆగిపోయాను.

మా కుర్రాళ్ల పట్టికను రాత్రి ఇంట్లో చదివి వినిపించాను. నా భార్య బియ్యం ఏరుతూ వింటోంది. "నలభై ఏళ్లకు నాకు ఎన్ని నాణేలు రావాలో లెక్కవేసి చెప్పమనండి" అంది. నవ్వుకున్నాం గాని ఆ నవ్వులో ముల్లు ఉంది. మొహల్లాలో జరిగే ఖిద్మత్‌లో సగానికి పైగా ఆడవాళ్లదే. బాలింతకు పథ్యం వండిపంపేది, మంచాన పడిన అత్తకు పక్క మార్చేది, మయ్యత్ ఇంట్లో మూడు రోజులు పొయ్యి చూసేది వాళ్లే. మన సన్మాన సభల్లో శాలువాలు మాత్రం ఎప్పుడూ మగవాళ్ల భుజాల మీదే. ఫోనులో లెక్క పెట్టినందువల్ల ఈ కనిపించని పని కనిపిస్తుందంటే అది పెద్ద మేలే. జపాన్‌లో 1990ల నుంచి ఇలాంటి పద్ధతి ఉంది. 'ఫురేఆయి కిప్పు' అంటారు. ముసలివాళ్లకు గంటసేపు సాయం చేస్తే ఒక గంట జమ అవుతుంది. ఆ గంటను తన ముసలితనానికి దాచుకోవచ్చు, వేరే ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు బదిలీ చేయవచ్చు. మా అత్తాపూర్‌లో ఎన్ని ఇళ్లలో తల్లీ తండ్రీ మాత్రమే ఉన్నారు! కొడుకు జిద్దాలో, కూతురు చికాగోలో. చికాగోలో ఆ అమ్మాయి ఒక వృద్ధురాలికి చేసిన సేవ ఇక్కడ తన తండ్రిని డాక్టరు దగ్గరకు తీసుకుపోయే చేయిగా మారితే ఎవరికి చేదు? ఈ భాగం వినగానే మా పక్కింటాయన "వెంటనే మొదలుపెట్టించండి" అన్నాడు. అయితే ఇవాళ దాచుకున్న గంటను ఇరవై ఏళ్ల తర్వాత ఎవరు తీరుస్తారు? అప్పటి కుర్రాళ్లు. వాళ్లు ఇంకా పుట్టలేదు, వాళ్లను ఎవరూ అడగలేదు. చేసినవాడికి అది జమ, పుట్టనివాడికి అప్పు.

నమ్మకం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2018లో మన నగరంలో, 2019లో బెంగళూరులో హలాల్ అనే పేరు తగిలించుకున్న పెట్టుబడి సంస్థలు కూలిపోతే వేలాది ముస్లిం కుటుంబాలు పెళ్లిళ్ల డబ్బు, విధవల డబ్బు పోగొట్టుకున్నాయి. కొత్త నాణెం అనగానే మన ఆడవాళ్ల గుండెలు దడదడలాడటంలో ఆశ్చర్యం లేదు. అలాగని అన్నీ మోసాలేనా? 1966లో హైదరాబాదులో మొదలైన తూర్ బైతుల్‌మాల్ వడ్డీ లేకుండా అప్పులిచ్చే పద్ధతిని నిలబెట్టింది. తేడా ఎక్కడుంది? ఒకచోట డబ్బు పెరుగుతుందని ఆశ చూపారు, మరోచోట అవసరం తీరుతుందని మాత్రమే చెప్పారు. మా కుర్రాళ్లకు చట్టం సంగతి కూడా చెప్పాను. డబ్బు కట్టించుకుని పలు దుకాణాల్లో చెల్లే ఖాతా నడపాలంటే రిజర్వు బ్యాంకు అనుమతి కావాలి. 2022 డిసెంబరు నుంచి రిజర్వు బ్యాంకే ప్రయోగంగా డిజిటల్ రూపాయి నడుపుతోంది. రూపాయితో పోటీకి దిగకండి, రూపాయిలు వసూలు చేయకండి, మొదట ఒక వకీలును కలవండి అన్నాను.

దుకాణాల తగ్గింపు మీద నాకు మొదటినుంచీ అనుమానమే. నాణెం వెనుక ఏముందని పైన అడిగాను కదా, దాని వెనుక ఉన్నది కిరాణా కొట్టువాడి లాభంలో ఒక ముక్క. నెలకు వంద నాణేలు వస్తే భరిస్తాడు. వెయ్యి వస్తే? మా మూడోవాడు, కొట్టు నడిపేవాడు, ఈ మాటకు తల దించుకున్నాడు. ఇంట్లో తండ్రి అప్పటికే అదే అడిగాడట. పైగా సేవకు బియ్యం ధర తగ్గడం మొదలైతే అది కూలే అవుతుంది, అదీ తక్కువ కూలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఆగస్టు 15న రెండున్నర లక్షలకు పైగా గ్రామ, వార్డు వాలంటీర్లను పెట్టారు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక అది కొనసాగలేదు. దాని రాజకీయం నాకు పట్టదు. వాళ్లలో చాలామంది ముసలివాళ్ల ఇంటికే వెళ్లి పింఛను చేతికిచ్చారు, అది మంచి పనే. నాకు మిగిలిన విచారం ఒక మాట గురించి. వాలంటీరు అంటే ఐదువేల ఉద్యోగి అనే అర్థం స్థిరపడిపోయింది. ఉద్యోగానికి చాలని జీతం, సేవకు ఎక్కువైన జీతం. రెండిటి మధ్య ఇరుక్కున్న పిల్లలు చివరకు రెండూ కాకుండా మిగిలారు.

నాలుగో శుక్రవారం ముగ్గురూ మళ్లీ వచ్చారు. నేను ఫత్వా ఇచ్చేవాణ్ణి కాను, అది ముఫ్తీల పని. ఉపాధ్యాయుడిగా నాకు తోచింది చెప్పాను. మనిషికి మనిషి బదులు తీర్చుకోగలిగిన పనులకు ఆ నాణెం పెట్టుకోండి. లెక్కల పాఠానికి కుళాయి మరమ్మతు, కుట్టుపనికి ఆసుపత్రి ప్రయాణం. గంటకు గంట, డాక్టరు గంటా దర్జీ గంటా సమానమే. దుకాణం తగ్గింపు తీసేయండి. వాడని నాణేలు ఏడాదికి మాసిపోవాలి, ఎవరూ కూడబెట్టి షావుకారు కాకూడదు. రక్తం, జనాజా, గుసుల్, వరద, అగ్నిప్రమాదం, మంచాన పడ్డ మనిషి... వీటిని పట్టికలోంచి కొట్టేయండి. అవి చేసేవాళ్లు చేస్తూనే ఉంటారు, వాళ్ల మానాన వాళ్లను ఉండనివ్వండి. మొదటి పదిమంది పేర్లు అసలు వద్దు. కరోనా రోజుల్లో రేషను సంచీతో పాటు తీసుకునేవాడి ఫోటో కూడా తీసిన సంగతి మరచిపోయారా? చేసినవాడి పేరు కనిపిస్తే అహంకారం, చేయించుకున్నవాడి పేరు కనిపిస్తే అవమానం. ఎవరింటికి ఎవరు వెళ్లారో ఆ ఇద్దరి ఫోన్లలో తప్ప మూడోచోట ఉండకూడదు.

పేర్ల విషయంలో ఇంజనీరు కొంచెం నొచ్చుకున్నాడు. పేర్లు కనిపించకపోతే కుర్రాళ్లకు ఉత్సాహం రాదన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. నా వయసులో ఉత్సాహం తక్కువ, భయం ఎక్కువ. ఇద్దరం కాసేపు వాదించుకుని, ఆరునెలలు పేర్లు లేకుండా నడిపి చూద్దామన్న చోటికి వచ్చాం.

చివరికి నా సున్నా ప్రశ్న అడిగాను. నాలుగో అంతస్తులో ఒంటరి ఖాలా ఉంది, మోకాళ్లు పనిచేయవు, కళ్లు మసక, ఎవరికీ ఏ గంటా ఇవ్వలేదు. ఆమె ఫోను చేస్తే మీ యాప్ ఏమంటుంది? ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. విమానాశ్రయంలో పనిచేసే కుర్రాడు అప్పటిదాకా నోరు తెరవలేదు. అతను నెమ్మదిగా అన్నాడు: "ఉస్తాద్, ఆమెకు ఖాతానే వద్దు. ఆమె ఇంటికి పోయి వచ్చినవాడికి నాణెం రాదు, ఆమెకు నాణెం తగ్గదు. మొహల్లాలో అలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో మేం ముగ్గురం విడిగా రాసుకుంటాం, ఫోనులో కాదు." అతని డ్యూటీ రాత్రివేళ. పగలు పదకొండింటికి ఖాళీగా ఉంటాడట, ఆ ఇళ్లు తాను చూసుకుంటానన్నాడు. ఒక్కడు ఎన్ని ఇళ్లు చూడగలడు అని అడిగాను. ఆ లెక్క ఇంకా తేలలేదు.

వచ్చే నెల ఇరవై ఇళ్లతో మొదలుపెడుతున్నారు. నా పేరు కూడా రాసుకున్నారు. వారానికి ఒక గంట ఉర్దూ చదవడం రాని పిల్లలకు అలిఫ్ బే నేర్పాలి. బదులుగా నాకు ఏం కావాలని అడిగారు. ఈ ఫోనులో అక్షరాలు పెద్దవి చేయడం ఎవరైనా వచ్చి నేర్పితే చాలన్నాను.